నల్లగొండ జిల్లాలో ఉండి డాల్ఫిన్ల వేటను ఆపడానికి మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

ప్రశ్న: దేవరకొండ బడిపంతులు

దేవరకొండ సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మొన్న ఎనిమిదో తరగతిలో వన్యప్రాణుల సంరక్షణ పాఠం చెబుతూ, 2009లో గంగా డాల్ఫిన్‌ను జాతీయ జలచరంగా ప్రకటించారని అనగానే ఒక విద్యార్థిని లేచి, తన అన్న ఫోనులో చూసిన పాత వీడియో సంగతి ఎత్తింది. 2020 డిసెంబరు 31న ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్ జిల్లాలో, కాలువలోకి దారితప్పి వచ్చిన ఒక డాల్ఫిన్‌ను కొందరు కర్రలతో, గొడ్డలితో కొట్టి చంపిన దృశ్యమది. "సార్, అంతమంది చూస్తూ ఎందుకు నిలబడ్డారు? మనమైతే ఏం చేసేవాళ్లం?" అని ఆ అమ్మాయి అడిగితే నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

మన కృష్ణలో డాల్ఫిన్లు లేవు, సముద్రమూ మనకు దూరమే. పిల్లల చేత గోడపత్రికలు రాయించగలను, అక్టోబరు 5న డాల్ఫిన్ దినోత్సవం నాడు ప్రతిజ్ఞ చేయించగలను, కాని వాటివల్ల ఒక్క ప్రాణి అయినా బతుకుతుందా అన్న అనుమానం నాకే ఉంది. మామూలు మనుషులు నిజంగా చేయగలిగిన పని ఏదైనా ఉంటే, తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: పాలమూరు వాస్తవ్యుడు

పంతులు గారూ, ఉద్యోగరీత్యా నేను బీహార్‌లోని కహల్‌గావ్‌లో ఆరేళ్లు ఉన్నాను. సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ వరకు గంగానది 1991 నుంచి విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యంగా ఉంది. అక్కడివారు డాల్ఫిన్‌ను సోంస్ అంటారు. అది నీటిపైకి వచ్చి ఊపిరి వదిలినప్పుడు వినిపించే శబ్దమే ఆ పేరు అయింది. దానికి చూపు దాదాపు లేదు, తాను చేసే ధ్వనుల ప్రతిధ్వనిని బట్టే బురదనీటిలో దారి వెతుక్కుంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు కనిపించింది ఒక మూర పొడవున్న ముక్కు మాత్రమే, అదీ రెప్పపాటు కాలం.

దానిని ఎందుకు చంపుతారో తెలియకుండా ఎలా కాపాడాలో చెప్పలేము. దాని కొవ్వు కరిగించి తీసిన నూనె వాసనకు బచ్వా వంటి చేపలు గుమిగూడుతాయి కాబట్టి జాలరులు ఆ నూనెను ఎరగా వాడేవారు, కీళ్ల నొప్పులకు మర్దనా తైలంగా కూడా అమ్మేవారు. పట్నా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ రవీంద్ర కుమార్ సిన్హా, చేపల మార్కెట్‌లో పారవేసే వ్యర్థాల నుంచి తీసిన నూనె కూడా అదే పని చేస్తుందని చూపించి, దానిని జాలరుల చేతికి అందించడానికి ప్రయత్నించారు. వద్దని చెప్పి ఊరుకోకుండా దాని బదులు ఏమి వాడాలో చూపిన పని కనుక, నా దృష్టిలో అది వంద ఉపన్యాసాలకు సమానం.

రెండో కారణం వల. డాల్ఫిన్ చేప కాదు, ఊపిరి పీల్చుకోవడానికి మాటిమాటికీ నీటిపైకి రావలసిందే. నైలాన్ వలలో చిక్కి కొన్ని నిమిషాలు పైకి రాలేకపోతే అది నీటిలోనే ప్రాణం విడుస్తుంది. జాలరి దానికోసం వల వేసి ఉండడు, కాని చచ్చిన డాల్ఫిన్ పడవలో ఉంటే కేసు అవుతుందన్న భయంతో దాచిపెడతాడు, నూనెకు గిరాకీ ఉన్నచోట కొవ్వు అమ్ముడుపోతుంది కూడా. ప్రమాదం ఎక్కడ ముగిసి నేరం ఎక్కడ మొదలవుతుందో అక్కడే తెలియకుండా పోతుంది. 2025లో వెలువడిన తొలి సమగ్ర అంచనా ప్రకారం మన నదులన్నింటిలో కలిపి 6,327 డాల్ఫిన్లు ఉండగా, వాటిలో బియాస్ నదిలోని సింధు డాల్ఫిన్లు మూడే మూడు. ఆడ డాల్ఫిన్ రెండు మూడేళ్లకు ఒక పిల్లను మాత్రమే కంటుంది కాబట్టి, పోయిన ఒక్కదాని లోటు పూడడానికి చాలా కాలం పడుతుంది.

జవాబు 2: అచ్చంపేట విశ్రాంత అటవీ ఉద్యోగి

విద్యార్థిని అడిగిన రెండో ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. ప్రతాప్‌గఢ్ ఘటనలో నిందితులు పట్టుబడటానికి ఆ వీడియో బయటకు రావడమే కారణమైంది, అయితే అప్పటికే ప్రాణం పోయింది. గుంపు చేతిలో గొడ్డళ్లు ఉన్నప్పుడు పిల్లలు మధ్యలోకి వెళ్లకూడదు. దూరం నుంచే 112కు గాని, సమీప అటవీ రేంజ్ కార్యాలయానికి గాని ఫోన్ చేసి, స్థలం, సమయం, వాహనం ఉంటే దాని నంబరు చెప్పాలి. తీసిన ఫోటోను ముందుగా అధికారికి పంపాలి, వాట్సాప్ గ్రూపులకు కాదు, ఎందుకంటే గ్రూపులో పడిన ఫోటో నేరస్థుడి ఫోనుకు కూడా చేరుతుంది. రాష్ట్రాల సరిహద్దులు దాటే అక్రమ రవాణాను పట్టుకోవడానికి 2007 నుంచి కేంద్రంలో వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో కూడా ఉంది.

గంగా డాల్ఫిన్ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఒకటో షెడ్యూల్‌కు, అంటే అత్యధిక రక్షణ ఉన్న ప్రాణుల జాబితాకు చెందింది. దానిని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. సాక్ష్యం కోసం నూనె సీసా కొందామన్న ఉత్సాహం ఎవరికీ వద్దు, అటువంటి సరుకు కొనడం కూడా నేరమే.

ఇక మన సంతల సంగతి. డాల్ఫిన్ నూనె ఇక్కడ కనిపించకపోవచ్చు, కాని నొప్పులకు ఉడుము నూనె, తాయెత్తుకు అలుగు (పాంగోలిన్) పెంకు అంటూ అమ్మేవారిని నా ఉద్యోగకాలంలో చాలాసార్లు చూశాను. హత్తా జోడీ పేరుతో అదృష్టమిచ్చే వేరు అని ఇంటర్నెట్‌లో అమ్మినది నిజానికి మగ ఉడుము జననాంగం. గంగ ఒడ్డున సోంస్‌ను చంపించిన నమ్మకమూ, అమ్రాబాద్ అడవిలో అలుగును చంపిస్తున్న నమ్మకమూ ఒకటే గనుక, పిల్లలు తమ ఇంటి అటకమీద సీసా నుంచే మొదలుపెట్టవచ్చు.

జవాబు 3: సాగర్ వెనుక జలాల మత్స్యకారుడు

పెద్దలు చెప్పినవన్నీ సరైనవే గాని, ఒక మాట. మా కుటుంబాలు విశాఖ తీరం నుంచి వచ్చి నేరేడుగొమ్ము వైపు స్థిరపడ్డాయి. సముద్రం మీద బతికిన మా పెద్దలు డాల్ఫిన్‌ను కావాలని చంపేవారు కారు, అవి పడవ పక్కన ఈదితే శుభం అనుకునేవారు. 2023 మార్చిలో పోర్‌బందర్ తీరంలో ఒక పడవలో 22 డాల్ఫిన్ల కళేబరాలు దొరికాయని, సొరచేపలకు ఎరగా వాడటానికే వాటిని చంపారని చదివినప్పుడు మాకూ మనసు కలుక్కుమంది. కాని ఇటువంటి కేసుల్లో జైలుకు వెళ్లేది పడవ మీది కూలీలే, పెట్టుబడి పెట్టినవారు ఎప్పుడూ ఒడ్డునే ఉంటారు.

మా జలాశయంలో డాల్ఫిన్ లేదు, నీటికుక్క ఉంది. అది వలను కొరికి చేపను ఎత్తుకుపోతే ఆ రాత్రి కష్టమంతా పోతుంది. విషం పెట్టాలన్న ఆలోచన కొందరికి వస్తుంది, రాదని నేను అబద్ధం చెప్పను. చిన్న పిల్లచేపను కూడా ఊడ్చుకుపోయే అలివి వలలు వేసేవారు దొంగచాటుగా వేస్తూనే ఉన్నారు, ఆ వలలు చేపలను తుడిచిపెట్టేకొద్దీ నీటికుక్క ఆకలితో మా వలల మీద పడుతుంది. నగరం నుంచి వచ్చినవారు మమ్మల్ని దోషులుగా చూసి వెళ్లిపోతారు, చిరిగిన వలకు పరిహారం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పిల్లచేపను కొనబోమని మీ దేవరకొండ బజారులో పదిమంది గట్టిగా చెబితే అలివి వల దానంతట అదే ఒడ్డుకు చేరుతుంది.

ప్రశ్న అడిగినవారు: దేవరకొండ బడిపంతులు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిజం చెప్పాలంటే, పోయిన ఆదివారం నేను కొన్న చేపలు అరచేతి పొడవు కూడా లేవు, వాటి గురించి అప్పుడు ఆలోచించనే లేదు. గోడపత్రికల ఆలోచన మానుకున్నాను. అన్నా, మీకు అభ్యంతరం లేకపోతే, వలలు ఒడ్డుకు వచ్చే సమయానికి ఇరవై మంది పిల్లలను తీసుకురావచ్చునా? నీటికుక్క కొరికిన వలను వారు కళ్లారా చూడాలని నా కోరిక.

జవాబు 4: సాగర్ వెనుక జలాల మత్స్యకారుడు

తప్పకుండా తీసుకురండి సార్, కాని ఏడు గంటల లోపే రావాలి. ఆ తరువాత చేప మంచు పెట్టెల్లోకి వెళ్లిపోతుంది, మేము నిద్రకు వెళ్లిపోతాము. పిల్లలను నీటి అంచుకు రానివ్వకండి, అక్కడ లోతు ఒక్కసారిగా మొదలవుతుంది. చిరిగిన వల మాత్రం మీరు ఏ రోజు వచ్చినా ఉంటుంది.