గులిమి రంగు, వాసన చూసి జబ్బు చెప్పొచ్చా?

తెల్లకాగితం:
రెండు రోజులుగా ఒకటే టెన్షన్. చెవిలోంచి రాలిన గులిమి దాదాపు నల్లగా ఉంది. నొప్పి లేదు, బాగానే వినపడుతోంది. గులిమి రంగును బట్టి షుగరు, గుండెజబ్బు కూడా తెలుస్తాయని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?

రాత్రిడ్యూటీ:
కాదండీ. నేను నర్సును. గులిమి కొత్తగా ఊరినప్పుడు లేత పసుపు. పాతబడేకొద్దీ గాలి తగిలి, దుమ్ము పట్టి ముదురు గోధుమరంగులోకి, నలుపులోకి మారుతుంది. మీది పాతది, అంతే. పొడిగా ఉంటుందా, జిగురుగా ఉంటుందా అన్నది పుట్టుకతో వచ్చేది. ఏబీసీసీ11 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా అని 2006లో జపాన్ పరిశోధకులు తేల్చారు. తూర్పు ఆసియాలో ఎక్కువమందిది పొడి గులిమే. చెవిని దాని మానాన వదిలేయండి. లోపలి చర్మం మెల్లగా బయటికి జరుగుతూ గులిమిని తనే మోసుకొస్తుంది.

నీలిగడప:
"దాని మానాన వదిలేయండి." ఈ మాట వినే మా నాన్నగారి కుడి చెవి పోయింది. రెండేళ్లు ఆ చెవిలోంచి కంపు. అమ్మ రోజూ దిండు గలీబు మార్చేది. పొద్దున్నే చూస్తే గోరంత పసుపు మరక, చుట్టూ గోధుమరంగు అంచు. చూపించినచోటల్లా "గులిమేనండీ" అని చుక్కల మందు రాసి పంపారు. చివరికి ఒక డాక్టరు మైక్రోస్కోపుతో చూసి కొలెస్టియటోమా అన్నారు, అంటే కర్ణభేరి వెనక చర్మం గడ్డలా పెరగడం. అప్పటికే వినికిడి ఎముకల్ని తినేసింది. గులిమి ఏమీ చెప్పదని మాత్రం అనకండి.

రాత్రిడ్యూటీ:
వినడానికే బాధగా ఉంది. కానీ అది గులిమి కాదండీ, చీము. రెండూ వేరు.

నీలిగడప:
కాదని మీరెలా చెబుతారు? మీరొచ్చి చూశారా?

ఒకటోమెట్టు:
చెవిలో దూది ఇయర్‌బడ్ పెట్టడం మానేశాక నాకు గులిమి అడ్డుపడటమే పోయింది.

ముత్యాలసరం:
వాసనతో తెలిసే జబ్బు ఒకటుంది. మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్. ప్రొటీన్లలో ఉండే లూసిన్ లాంటి అమైనో ఆమ్లాలను శరీరం విడగొట్టలేదు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే బిడ్డ గులిమిలో తీపి వాసన వస్తుంది. 2019లో బ్రెజిల్ పరిశోధకులు గులిమిలోని ఆవిరి రసాయనాలను కొలిచి క్యాన్సర్ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ విడదీశారు కూడా.

నీలిగడప:
చూశారా? ఇప్పుడేమంటారు?

రాత్రిడ్యూటీ:
క్యాన్సర్ సంగతి కనిపెట్టింది ల్యాబులో యంత్రం, మన ముక్కు కాదు. మీ నాన్నగారిది గులిమి కాదు, కాదు, కాదు.

నీలిగడప:
మీలాంటివాళ్లే మమ్మల్ని రెండేళ్లు వెనక్కి పంపారు!

రాత్రిడ్యూటీ:
సరే, నేనూ ఇంటి సంగతే చెబుతాను. మా అత్తయ్యకు షుగరు. రంగు మారిందేమోనని రోజూ బడ్ పెట్టి తీసి, టిష్యూ మీద రుద్ది, లైటు కింద పట్టి చూసేది. చెవి లోపల గీసుకుపోయింది. ఇన్ఫెక్షన్ పుర్రె ఎముకకు పాకింది. ఆరు వారాలు ఇంజెక్షన్లు. రాత్రిళ్లు తల పట్టుకుని మంచం మీద కూర్చునేది, పక్కన నేను. అందుకే ఎవరైనా "గులిమిని గమనించండి" అంటే నాకు భయం.

నీలిగడప:
నేను బడ్ పెట్టమనలేదండీ. బయటికి వచ్చినదాన్ని పట్టించుకోమన్నాను. అసలు నా కోపం వేరు. రెండేళ్లలో ఒక్కరూ ఆ అడ్డు తీసి కర్ణభేరి దాకా చూడలేదు. "గులిమే" అన్న మాటతోనే పరీక్ష అయిపోయేది.

రాత్రిడ్యూటీ:
అది తప్పే. తీసి చూడకుండా ఆ మాట అనకూడదు. కానీ కనిపెట్టే బాధ్యత ఇంట్లోవాళ్ల మీద పెడితే మా అత్తయ్యలాంటివాళ్లు బలవుతారు. కంపు, చీము, నెత్తురు, ఒక చెవి వినికిడి తగ్గడం, తలకు దెబ్బ తగిలాక చెవిలోంచి నీళ్లలా కారడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించాలి.

నీలిగడప:
చూపించాం కదండీ. ఏడుసార్లు.

రాత్రిడ్యూటీ:
అవును. దానికి నా దగ్గర జవాబు లేదు.

తెల్లకాగితం:
నాకు అవేవీ లేవు, కొంచెం ధైర్యం వచ్చింది. నీలిగడప గారూ, నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?

నీలిగడప:
ఆపరేషన్ అయింది, కంపు పోయింది. మేమంతా ఆయనకు ఎడమ పక్కన కూర్చుని మాట్లాడటం అలవాటు చేసుకున్నాం.