కొత్త ఫోన్‌కి ఆథెంటికేటర్ మార్చాలి, పాతదాని టచ్ సగం పోయింది, ఏటి చెయ్యాలండి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. చిన్న షాపులకీ ఆస్పత్రులకీ వెబ్‌సైట్లు చేసి పెడతాను, ఇంట్లోంచే పని. మొన్న మేడ మెట్ల మీద ఫోన్ జారిపడి స్క్రీన్ కింద సగం టచ్ చచ్చిపోయింది, బొమ్మ కనిపిస్తాది గానీ కింద ఏటి నొక్కినా పలకదు. నిన్న సాయంత్రం కొత్తది కొనీసాను. షాపబ్బాయి పాతదాంట్లో ఉన్నవన్నీ కేబుల్ పెట్టి కొత్తదాంట్లోకి ఎక్కించాడు, ఫొటోలూ కాంటాక్టులూ యాప్‌లూ అన్నీ వచ్చాయి, గూగుల్ ఆథెంటికేటర్ (పాస్‌వర్డ్ కొట్టాక లాగిన్‌కి ఇంకో కోడ్ అడుగుతారు చూడండి, ఆ కోడ్లు చూపించే యాప్) కూడా వచ్చింది, తీరా ఇంటికొచ్చి తెరిచి చూస్తే లోపల ఒక్క ఎకౌంటూ లేదు. పాతదాంట్లో 14 ఉన్నాయి.

షాపువాళ్ళు పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌కి తీసుకుంటామన్నారు, ఈరోజు సాయంత్రంలోగా రీసెట్ కొట్టి తెచ్చీమన్నారు. సిమ్ కొత్తదాంట్లో వేసీసాను, నంబర్ కూడా అదే, మరి కోడ్లు ఎందుకు రాలేదో అర్థం కావట్లేదు. అందులో నా మెయిల్, గిట్‌హబ్ (నేను రాసిన కోడ్ దాచుకునే సైట్), ముగ్గురు క్లయింట్ల హోస్టింగ్ (వాళ్ళ వెబ్‌సైట్లు నడిచే సర్వర్ ఎకౌంట్లు) ఉన్నాయండి. నన్ను నమ్మి ఇచ్చినవాళ్ళ సైట్లు నా చేతిలోంచి పోతాయేమోనని రాత్రి నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్ళు కొంచెం దారి చెప్పండి.

కోట జంక్షన్ (విజయనగరం):

తమ్ముడూ ముందు ఆ రీసెట్ ఆపు. ఎక్స్ఛేంజ్ డబ్బులు పోతే పోనీ, పాత ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకు.

సిమ్‌కీ ఈ కోడ్లకీ సంబంధమే లేదు. మెసేజ్‌లో వచ్చే ఓటీపీ వేరు, ఇది వేరు. నువ్వు మొదట్లో సైట్‌లో క్యూఆర్ స్కాన్ చేసావు చూడు, అప్పుడే ఒక తాళంచెవి సైట్ దగ్గరొకటి నీ ఫోన్‌లో ఒకటి ఉండిపోయాయి. ఆ చెవినీ అప్పటి టైమునీ కలిపి లెక్కేసి 30 సెకన్లకోసారి ఆరంకెలు తేలుస్తాయి, రెండు వైపులా ఒకటే లెక్క కాబట్టి ఒకటే నంబర్ వస్తాది. 2011లో ఆర్ఎఫ్‌సీ 6238 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంలో ఈ పద్ధతి రాసిపెట్టారు, వేరే కంపెనీల యాప్‌లు కూడా ఇదే లెక్క మీద నడుస్తాయి. అందుకే సిమ్ తీసీసినా, సిగ్నల్ అందని కొండూరికి వెళ్ళినా కోడ్ మారుతూనే ఉంటాది. నీ చెవులు 14 ఆ పాత ఫోన్‌లోనే ఉన్నాయి, రీసెట్ కొడితే వాటితో సహా పోతాయి. 2023 ఏప్రిల్ నుంచి గూగుల్ ఎకౌంట్‌తో సింక్ చేసుకునే సదుపాయం ఇచ్చారు గానీ నువ్వు సైన్ ఇన్ అవకుండా వాడుతున్నట్టున్నావు, అందుకే కొత్తదాంట్లో ఖాళీగా ఉంది.

పాతదాంట్లో యాప్ తెరిచి మెనూలో ట్రాన్స్‌ఫర్ ఎకౌంట్స్, అందులో ఎక్స్‌పోర్ట్ నొక్కు. ఫోన్ లాక్ అడుగుతాది, తర్వాత క్యూఆర్ చూపిస్తాది. కొత్తదాంట్లో అదే చోట ఇంపోర్ట్ నొక్కి స్కాన్ చెయ్యి, అంతే. పాతదాంట్లోవి తీసీమంటావా అని అడిగితే ఉంచమనే చెప్పు. ఇంకోటి, లాప్‌టాప్‌లో ఇప్పుడు లాగిన్ అయి ఉన్నవాటిల్లోంచి దేన్నీ లాగౌట్ చెయ్యకు, ఏ కారణం చేతైనా కోడ్ పని చెయ్యకపోతే చాలావాటిల్లో అక్కడినుంచే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మళ్ళీ కొత్త క్యూఆర్ పెట్టుకోవచ్చు.

సువర్ణముఖి (రాజాం):

నాది సెల్ రిపేర్ పని. టచ్ పోయినా బొమ్మ వస్తోంది కాబట్టి స్క్రీన్ మార్చక్కర్లేదు బాబూ. ఓటీజీ ముక్క ఒకటి కొనుక్కో, సెల్ షాపుల్లో దొరుకుతాది, దానికి కంప్యూటర్ మౌస్ గుచ్చి ఫోన్‌కి పెట్టు. స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తాది, ఇంక వేలు పెట్టక్కర్లేదు, లాక్ ప్యాటర్న్ కూడా మౌస్‌తోనే గీసీయొచ్చు. బాణం రాకపోతే సెట్టింగ్స్‌లో ఓటీజీ ఆన్ చెయ్యాలి, కొన్ని ఫోన్లలో అది ఆఫ్‌లో ఉంటాది. ఆ బటన్ కింద సగంలో పడిందనుకో, ఆటో రొటేట్ ఆన్‌లో ఉంటే ఫోన్ అడ్డంగా తిప్పు, చచ్చిన చోట ఉన్న బటన్ బతికున్న చోటికి వస్తాది.

స్కాన్ చేసినప్పుడు పాతదాని బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచు. స్క్రీన్ మీద పగుళ్ళుంటే కొత్త ఫోన్‌ని కొంచెం వెనక్కీ ముందుకీ జరుపుతూ చూడు, దొరుకుతాది. ఆ క్యూఆర్‌ని ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి ఎవరికీ వాట్సాప్ చెయ్యకు, అది ఎవరి దగ్గరుంటే నీ కోడ్లన్నీ వాళ్ళ దగ్గరున్నట్టే. ఇలాంటి పోస్టులు చూసి మేం చేసి పెడతాం క్యూఆర్ పంపండి అని మెసేజ్‌లు పెట్టేవాళ్ళు ఉంటారు.

ఉద్దానం ఆడపడుచు (పలాస):

పాత ఫోన్ చేతిలో ఉంది కాబట్టి మీరు గట్టెక్కిపోతారన్నయ్యా, మా నాన్నగారిది అలాగ కాలేదు. టెక్కలి నుంచి వస్తూ బస్సులో ఫోన్ పోగొట్టుకున్నారు. జీడిపప్పు వ్యాపారం లెక్కలన్నీ ఆయన మెయిల్‌లోనే ఉన్నాయి, పాస్‌వర్డ్ కొడితే కోడ్ అడుగుతోంది, కోడ్ వచ్చే ఫోనేమో లేదు. మమ్మల్ని కాపాడింది బ్యాకప్ కోడ్ల కాయితం, ఫోన్ లేనప్పుడు దాని కోడ్ బదులు కొట్టడానికి ముందే తీసిపెట్టుకునే నంబర్లవి. గూగుల్ ఒకసారికి 10 ఇస్తాది, ఎనిమిదేసి అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పని చేస్తాది, కొత్త సెట్ తీస్తే పాత సెట్ చెల్లదు. నేను ఎప్పుడో ప్రింట్ తీసి పట్టాదారు పాస్‌బుక్‌తో పాటు కవర్లో పెట్టాను, మూడో నంబర్ దగ్గర పెన్నుతో కొట్టేసిన గీత ఇప్పటికీ ఉంది, ఆరోజు వాడింది అదే.

కాయితం ఒక్కచోటే పెట్టకండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు మా ఇంటి పెంకులు లేచిపోయి బీరువాలోకి కూడా నీళ్ళొచ్చీసాయి, పాస్‌బుక్‌లు ఎండలో ఆరబెట్టుకున్నాం, సగం సిరా కారిపోయింది. అందుకే ఇప్పుడు ఒక కాపీ మా దగ్గర, ఇంకోటి విజయనగరంలో మా అప్ప దగ్గర పెట్టాం. గిట్‌హబ్‌కి కూడా రికవరీ కోడ్లు ఉంటాయి, అవీ తీసి పెట్టుకోండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ చాలా చాలా థాంక్సండి. సూర్యమహల్ జంక్షన్ వైపు వెళ్ళి ఓటీజీ తెచ్చాను, మౌస్ గుచ్చగానే బాణం వచ్చింది, అది చూసీసరికి ప్రాణం లేచొచ్చింది. స్కాన్ చేస్తే ముందు 10 ఎకౌంట్లే వచ్చాయి, గుండె జారిపోయింది, తర్వాత చూస్తే పాత ఫోన్‌లో కింద నెక్స్ట్ అని ఉంది, అది నొక్కితే రెండో క్యూఆర్ వచ్చి మిగిలిన నాలుగూ ఎక్కాయి.

కానీ కొత్త ఫోన్‌లో వచ్చే కోడ్ కొడితే తప్పు అంటోంది, పాత ఫోన్ కోడ్ అయితే తీసుకుంటోంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసాను, ఒకే ఎకౌంట్‌కి రెండు నంబర్లు వేరేగా వస్తున్నాయి.

కోట జంక్షన్ (విజయనగరం):

రెండు ఫోన్లలో గడియారం చూడు. లెక్కంతా టైమ్ మీదే కదా.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అదేనన్నా! కొత్తది నాలుగు నిమిషాలు ముందుంది. షాపులో నెట్ పెట్టకుండా చేత్తో టైమ్ పెట్టినట్టున్నారు. ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేసాను, రెండిట్లో ఒకటే నంబర్ వచ్చింది. లాప్‌టాప్‌లో ఇంకో బ్రౌజర్ తెరిచి 14 ఎకౌంట్లూ ఒక్కోటీ లాగిన్ అయి చూసాను, గంటన్నర పట్టింది, అన్నీ ఓకే. ఒక్క డౌట్, యూపీఐ యాప్‌లు కూడా ఇలాగే మార్చాలా?

సువర్ణముఖి (రాజాం):

అక్కర్లేదు, వాటి దారి వేరు. బ్యాంకులో ఇచ్చిన నంబర్ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి, యాప్ ఆ సిమ్ నుంచే ఒక మెసేజ్ పంపి సరిచూసుకుంటాది, కాబట్టి మెసేజ్‌కి బ్యాలెన్స్ ఉండేలా చూసుకో. నువ్వు ఉన్న సిమ్మే తీసి పెట్టావు కాబట్టి ఇబ్బంది లేదు. అదే నంబర్‌కి కొత్త సిమ్ తీసుకున్నవాళ్ళకైతే 24 గంటలు మెసేజ్‌లు ఆపేస్తారు, దొంగలు మన నంబర్ మీద సిమ్ తీసినా ఓటీపీలు అందకూడదని, అప్పటిదాకా ఆగాల్సిందే.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అదీ అయిపోయిందండి, ఒక్క రూపాయి అమ్మకి పంపి చూసాను, వెళ్ళింది. గూగుల్‌వీ గిట్‌హబ్‌వీ కోడ్లు ప్రింట్ తీసాను, ఒక కాపీ రేపు ఆమదాలవలసలో మా మావయ్యగారింట్లో ఇచ్చొస్తాను. షాపుకి ఫోన్ చేసి ఎక్స్ఛేంజ్ వద్దని చెప్పీసాను. పాత ఫోన్ ఛార్జింగ్ పెట్టి, స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టాను, నెలరోజులు అలాగే ఉంచుతాను.