ఒకరు పక్కకు తిరిగి, ఒకరు బోర్లా: ఏ హైబ్రిడ్ పరుపు?

ప్రశ్న:
మంచం 78×72 అంగుళాలు, బడ్జెట్ 15 వేలు. నాకు పక్కకు తిరిగి పడుకునే అలవాటు, బరువు 58 కిలోలు. మావారు బోర్లా, 90 కిలోలు. ఇద్దరికీ ఒకే హైబ్రిడ్ పరుపు (లోపల స్ప్రింగులు, పైన ఫోమ్) సరిపోతుందా? ఊరు విజయవాడ, ఏసీ లేదు.

జవాబు 1:
పాకెట్ స్ప్రింగ్ (ఒక్కో స్ప్రింగు విడిగా గుడ్డ సంచిలో ఉండే రకం) అయితేనే తీసుకోండి. బొన్నెల్ అనే రకంలో స్ప్రింగులన్నీ తీగతో కలిపి ఉంటాయి, ఆయన అటు కదిలితే మీకు ఇటు ఊపు తెలుస్తుంది. మీకు భుజం, తుంటి కాస్త దిగాలి. ఆయనకు అంత మెత్తనైతే నడుము కుంగి పొద్దున్నే పట్టేస్తుంది. అందుకే మీడియం ఫర్మ్ కొని, మీ వైపు మాత్రం 36 అంగుళాల వెడల్పు లేటెక్స్ టాపర్ (పరుపు మీద పరిచే పలుచని రబ్బరు ఫోమ్ పొర) వేసుకోండి. గట్టిదాన్ని మెత్తన చేసుకోవచ్చు, మెత్తనిదాన్ని గట్టి చేయడం కుదరదు.

జవాబు 2:
పది అంగుళాల ఎత్తని మురిసిపోకండి, చౌక ఫోమ్‌తో ఎత్తు పెంచడం తేలిక. ఫోమ్ డెన్సిటీ (సాంద్రత) ఎంతో అడగండి. క్యూబిక్ మీటరుకు 32 కిలోల కన్నా తక్కువుంటే 90 కిలోల మనిషి కింద త్వరగా గుంట పడుతుంది. వారంటీ కాగితంలో ఎన్ని అంగుళాల గుంటకు మారుస్తారో కూడా చూడండి.

@జవాబు 1: ఏసీ లేని ఇంట్లో పైపొర మెమరీ ఫోమ్ అయితే వేడి పట్టేస్తుందని కూడా చెప్పాల్సింది.

జవాబు 3:
మంచం సంగతి ఎవరూ అడగలేదేం? పలకల మధ్య సందు మూడంగుళాలు దాటితే పరుపు అక్కడ కుంగుతుంది. నిండు ప్లైవుడ్ అయితే గాలాడక అడుగున బూజు. నాలుగైదు రంధ్రాలు కొట్టించండి. మూడు నెలలకోసారి తల వైపు కాళ్ల వైపుకు తిప్పండి, బోర్లించకండి.