సమస్యాపూరణం: తెరచి చదివిన ఫైలెల్ల తెల్లబోయె

నిర్వాహకుడు (రాజమహేంద్రవరం):
ఈ వారం ఇస్తున్నది తేటగీతి పాదం.

తెరచి చదివిన ఫైలెల్ల తెల్లబోయె

చదివితే అరిగిపోయే వస్తువు కాదు ఫైలు. అయినా తెల్లబోయింది. ఎందుకో మీరు చెప్పాలి. ‘చదివిన’ను ‘చదివినట్టి’ అనుకోవచ్చు, ‘చదివితే’ అనీ అనుకోవచ్చు. ‘తెల్లబోవు’కు ఉన్న రెండర్థాలూ (తెల్లగా మారడం, నివ్వెరపోవడం) మీవే. ఒక్కటే నియమం: పద్యంలో జరిగింది కంప్యూటరులో నిజంగా జరిగేదై ఉండాలి. కిందటిసారి మౌస్ చేత కూచిపూడి ఆడించినవారు గమనించగలరు.

కొబ్బరాకు (అంబాజీపేట):
మాస్టారూ, నాది కల్పన కాదండీ. మా నాన్నగారి కోసం వరద రోజుల్లో ధవళేశ్వరం నీటిమట్టాలు ఒక ఫైలులో ఎక్కిస్తున్నాను. మొన్న దాన్ని పైథాన్ ప్రోగ్రాంతో చదవబోయి, చదవడానికి తెరిచే ‘ఆర్’ గుర్తు బదులు రాయడానికి తెరిచే ‘డబ్ల్యు’ కొట్టాను. నాకిది మూడో పద్యం.

చదువబోవుచు పొరపాటు చేసి వ్రాయు
గుర్తు నొసగితి, వరదల కొలతలన్ని
నిమిష మాత్రాన పోయెను నీట గలసి,
తెరచి చదివిన ఫైలెల్ల తెల్లబోయె.

నిర్వాహకుడు:
వరద కొలతలు నీట కలవడం బాగుంది నాయనా, ఆ పాదం నాకు చాలాసేపు గుర్తుంది. మొదటి పాదంలో యతి తప్పింది. ‘చ’కు ‘చే’ కుదరదు, అచ్చు మైత్రి లేదు. ‘చదువబోవగ పొరపాటు జరిగె, వ్రాయు’ అను, సరిపోతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ‘డబ్ల్యు’తో తెరిస్తే ఆ క్షణానే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, నువ్వు ఒక్క అక్షరం రాయకపోయినా సరే. కానీ ఆ రీతిలో తెరిచిన దాన్ని చదవమంటే పైథాన్ ఒప్పుకోదు, తప్పు చూపించి ఆగుతుంది. అంటే నీ పద్యంలో ఫైలును ఎవరూ చదవనే లేదు! ‘డబ్ల్యు ప్లస్’ అయితే చదవనిస్తుంది, చదవడానికి మాత్రం ఏమీ మిగల్చదు. సమస్యకు సరిగ్గా అతికేది అదే.

పంటురేవు (సఖినేటిపల్లి):

మొదలు నుండియు కడదాక ముగిసె చదువు;
మరల మొదటికి సూచిక మరలకున్న
రేవు దాటిన పడవకు రిత్త కేక,
తెరచి చదివిన ఫైలెల్ల తెల్లబోయె.

నరసాపురం వెళ్లే పంటు కళ్ల ముందే కదిలిపోతే ఒడ్డున నిలబడి అరిచినవాడికి ఈ పద్యం విప్పి చెప్పక్కరలేదు. ఒకసారి మొత్తం చదివాక, ఎక్కడిదాకా చదివామో చూపే సూచిక ఫైలు చివర నిలబడుతుంది. ‘సీక్ సున్నా’ అని వెనక్కి తేకుండా మళ్లీ చదివితే చేతికి వచ్చేది శూన్యమే.

గౌతమి (రామచంద్రపురం):
మొదటి ‘మరల’ మళ్లీ, రెండోది వెనుదిరగడం. ముచ్చటగా ఉంది. అయితే అన్నయ్యగారూ, తెల్లబోయింది ఫైలు కాదు కదా? డిస్కు మీద అది చెక్కుచెదరకుండా ఉంది. తెల్లబోయింది మీ చేతికి వచ్చిన పాఠం, దానితోపాటు మీరు.

పంటురేవు:
ఒప్పుకున్నానమ్మా. పాదం ఇచ్చినవారిని అడగాలి ఆ మాట.

గౌతమి:
నాది రెండో అర్థం మీద నడిచింది.

తేనె లొలికెడి తెలుగును తెలియలేని
వేరు సంకేత పద్ధతి వెంటబెట్టి
అక్షరమ్ముల జూడగ నంతలోన
తెరచి చదివిన ఫైలెల్ల తెల్లబోయె.

నిర్వాహకుడు:
‘అంతలోన’ పాదం నింపడానికి వచ్చిన మాట. ‘నందె యాగి’ అంటే యతీ నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది. ఎందుకంటే అక్షరాలను అంకెలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతి (ఎన్‌కోడింగ్)లో తెలుగు గుర్తు ప్రతిదీ 3 బైట్లు. పదహారు మూలంగా రాసే లెక్కలో కొమ్ముకు చివరి బైటు 81, పొల్లుకు 8డి. విండోస్ పాత పాశ్చాత్య అక్షరాల పట్టిక 1252లో ఆ రెండు గడులూ ఖాళీ. ఆ పట్టికతో చదవమంటే పైథాన్ ‘తెలుగు’ అన్న మాటనే దాటలేదు. ‘లు’ కొమ్ము దగ్గర చతికిలబడుతుంది. నన్నయ భారతం రాసిన ఊరి పద్యాల మాట ఇక చెప్పాలా? తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడం మన భాషవారికి ఆచమనం లాంటిది.

చేపలచెరువు (భీమవరం):
నా పద్యం వీఎస్ కోడ్ అనే ఎడిటరుకు పైథాన్ కోసం చేర్చుకునే అదనపు పనిముట్టు, ‘ఎక్స్‌టెన్షన్’ మీద. ఆ మాట మూడు గురువులు, మగణం. తేటగీతిలో దానికి చోటు లేదని పందెం కట్టారు మా మిత్రులు. చివర ఉకారం చేర్చి, రగణం తోకన సగం, భగణంలో సగం పెట్టాను.

చేర్చబోవ నెక్స్‌టెన్షను చేటు వచ్చె;
వేరు ఫోల్డరులో నుండి వెదకె దాని,
లేక క్రొత్తది పుట్టించె లిప్తలోన,
తెరచి చదివిన ఫైలెల్ల తెల్లబోయె.

నిర్వాహకుడు:
పందెం మీదే! ‘చేర్చబోవ’ అంటే ఇంకా చేర్చలేదని అర్థం, మరి చేటెక్కడిది? ‘చేర్చినంత’ అనండి, గణాలు కదలవు. నింద మాత్రం ఎక్స్‌టెన్షన్ మీద అన్యాయంగా పడింది. దాని మీట నొక్కితే ప్రోగ్రాం ఎడిటరులో తెరిచి ఉన్న ఫోల్డరులో నిలబడి నడుస్తుంది. మీ ప్రోగ్రామూ ఫైలూ లోపలి ఫోల్డరులో ఉన్నట్టున్నాయి. చదవడానికీ చివర చేర్చడానికీ పనికొచ్చే ‘ఏ ప్లస్’తో తెరిచినట్టున్నారు, అందుకే లేనిదాన్ని పుట్టించింది. ‘ఆర్’ అయితే ఫైలు లేదని మొహం మీదే చెప్పేది. ప్రోగ్రాం ఉన్న చోటు నుంచి ఫైలుకు దారి (పాత్) కట్టుకోండి.

కొబ్బరాకు:
మాస్టారూ, పద్యం సరే, నా కొలతలు తిరిగి వస్తాయా?

చేపలచెరువు:
తమ్ముడూ, ఆ ఫైలు వీఎస్ కోడ్‌లో ఎప్పుడైనా సేవ్ చేశావా? చేసి ఉంటే పక్కన టైమ్‌లైన్ అనే పట్టీ తెరువు. అక్కడ సేవ్ చేసినప్పటి ప్రతులు ఉండవచ్చు. ప్రోగ్రాం నేరుగా రాసినవి అందులో ఉండవు.

కొబ్బరాకు:
దొరికిందండీ! 11.75 అడుగుల మొదటి హెచ్చరిక నుంచి 13.75 రెండో హెచ్చరిక దాకా ఉన్నాయి. చివరి రెండు రోజులవి ప్రోగ్రాం రాసినవి, అవి లేవు. మా నాన్నగారు గోడ మీది క్యాలెండరులో పెన్సిలుతో రాసుకున్నారట. ఇప్పుడు ఎక్కిస్తున్నాను. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.