సీటీ స్కాన్‌లో “పేగు గోడ మందం, నోడ్స్” అని రాశారు: దేనివైపు చూపుతున్నట్టు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. మా చిన్నాన్నకి 42 ఏళ్లు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, సాయంత్రమైతే జ్వరం, మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. రిపోర్టు ఇది: “టెర్మినల్ ఇలియం, సీకం గోడ మందం 9 మి.మీ. మెసెంటరిక్ నోడ్స్, పెద్దది 16 మి.మీ., మధ్యలో నెక్రోసిస్. కొద్దిగా ఫ్రీ ఫ్లూయిడ్. ఇన్ఫెక్టివ్ / ఇన్‌ఫ్లమేటరీ. కొలనోస్కోపీతో కోరిలేట్ చేయాలి.” ఒకరు టీబీ అన్నారు, ఒకరు క్రోన్స్ (క్రిమి వల్ల కాకుండా పేగు వాచి పుండ్లు పడే దీర్ఘకాలపు జబ్బు) అన్నారు, ఊళ్లో వాళ్లయితే క్యాన్సరని తేల్చేశారు. వచ్చే వారం కొలనోస్కోపీకి (కింద నుంచి కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూసే పరీక్ష) వైజాగ్ వెళ్తున్నాం. ముందే ఏం చూసుకోవాలి?

నీడలబొమ్మ (బరంపురం):
ముందు ఆ గీత సంగతి. “ఇన్ఫెక్టివ్ / ఇన్‌ఫ్లమేటరీ” అని మధ్యలో గీత పెట్టారంటే, క్రిమి వల్ల వచ్చిందా, వేరే వాపు జబ్బా అన్నది బొమ్మ చూసి తేల్చలేదని అర్థం. అది జబ్బు పేరు కాదు. టెర్మినల్ ఇలియం అంటే చిన్నపేగు చివర, సీకం అంటే పెద్దపేగు మొదలు, మెసెంటరిక్ నోడ్స్ అంటే పేగు పక్కనుండే లింఫ్ గ్రంథులు, ఫ్రీ ఫ్లూయిడ్ అంటే కడుపులో చేరిన నీరు.

బాగా సాగిన చిన్నపేగు గోడ 3 మి.మీ. లోపే ఉంటుంది. ముడుచుకున్న పేగైతే ఏ జబ్బూ లేకపోయినా 4, 5 కనిపించొచ్చు. అందుకే రిపోర్టు పైన “టెక్నిక్” అనే చోట నోటి ద్వారా ఏం తాగించారో చూడండి. ఎంటెరోగ్రఫీ (చిన్నపేగు కోసమే చేసే స్కాన్) అయితే మానిటాల్ కలిపిన నీళ్లు లీటరున్నర దాకా, ముప్పావు గంట నుంచి గంటలోపు తాగిస్తారు. కడుపు ఉబ్బరమని సగం గ్లాసులు వదిలేస్తే పేగు సాగదు, లేని మందం కనిపిస్తుంది. మీ రిపోర్టులో 9 మి.మీ.తో పాటు నోడ్స్, నీరు కూడా ఉన్నాయి కాబట్టి ముడుచుకున్న పేగని కొట్టిపారేయలేం.

అసలు మాట నోడ్ దగ్గరుంది. కాంట్రాస్ట్ (స్కాన్‌లో తెల్లగా కనిపించేలా నరంలోకి ఎక్కించే మందు) ఎక్కాక చుట్టూ అంచు తెల్లగా ఉంగరంలా మెరిసి, మధ్య నల్లగా మిగిలితే దాన్నే నెక్రోసిస్ అంటారు. మన దేశంలో, ఈ వయసులో, సాయంత్రపు జ్వరంతో కలిపి చూస్తే మొగ్గు టీబీ వైపే. క్రోన్స్‌లో నోడ్స్ సాధారణంగా చిన్నవి, లోపల కుళ్లవు. అక్కడ పేగుకి వెళ్లే రక్తనాళాలు ఉబ్బి దువ్వెన పళ్లలా వరసగా కనిపిస్తాయి. జబ్బు పడిన ముక్క, బాగున్న ముక్క, మళ్లీ జబ్బు ముక్క అన్నట్టు విడివిడిగా ఉంటుంది. క్యాన్సరైతే మందం ఎక్కువగా ఒకవైపే, పొట్టిగా, గట్టు తెగినట్టు ఆగిపోతుంది. అయితే క్యాన్సర్ నోడ్ కూడా మధ్యలో కుళ్లగలదు. కాబట్టి కొలనోస్కోపీలో పేగు ముక్క తీసి పరీక్షించకుండా ఎవరూ ఖాయంగా చెప్పకూడదు.

వంశధార_గట్టు (గుణుపూర్):
ముక్క తీస్తారు సరే, అది ఏ సీసాలో పడుతుందన్నది అంతకన్నా ముఖ్యం. పుండు అంచు నుంచి, అడుగు నుంచి ఆరు నుంచి ఎనిమిది ముక్కలు కావాలి. కొన్ని ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే మందు), పాథాలజీకి. కొన్ని మామూలు సెలైన్‌లో, జీన్‌ఎక్స్‌పర్ట్‌కీ (టీబీ క్రిమి జన్యువుని వెతికే పరీక్ష) కల్చర్‌కీ (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష). అన్నీ ఒకే ఫార్మలిన్ సీసాలో వేసేస్తే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ కుదరదు. ఎక్కువసార్లు జరిగే తప్పు ఇదే. లోపలికి తీసుకెళ్లకముందే డాక్టర్ని “సెలైన్ సీసా కూడా పెడుతున్నారా?” అని అడగండి. ఆ సీసా ఆ రోజే ల్యాబ్‌కి చేరాలి. జీన్‌ఎక్స్‌పర్ట్ నెగెటివ్ వచ్చినా టీబీ కాదని తేలినట్టు కాదు, పేగు ముక్కలో క్రిములు చాలా తక్కువ ఉంటాయి.

తయారీ: ఐరన్ మాత్రలు వారం ముందే ఆపమంటారు, లేకపోతే పేగు గోడకి నల్లగా అంటుకుంటుంది. రెండు రోజులు చోడి అంబలి, ఆకుకూర, జామ, టమాటా వద్దు. తెల్లన్నం, మజ్జిగ చాలు. పేగు శుభ్రమయ్యేందుకు తాగే పౌడరు నీళ్లు సగం ముందు రాత్రి, సగం తెల్లవారుజామున; చివరికి లేత పసుపు నీళ్లే పోవాలి. చక్కెర మాత్రలు, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపొద్దు.

ఒక హెచ్చరిక. రిపోర్టులో “ప్రాక్సిమల్ డైలటేషన్” (ఇరుకు చోటుకి పైనున్న పేగు ఉబ్బడం) అని గానీ, చిన్నపేగు వెడల్పు 3 సెం.మీ. దాటిందని గానీ ఉంటే డాక్టర్‌కి చూపించకుండా ఆ పౌడరు ముట్టొద్దు. దారి ఇరుగ్గా ఉన్న చోట అంత నీరు పోస్తే పేగు పూర్తిగా మూసుకుపోవచ్చు.

సవర_కొండ (రాయగడ):
పై ఇద్దరూ చెప్పింది సరే, రెండు విషయాలు వదిలేశారు. ఛాతీ ఎక్స్‌రే తీయించండి. ఊపిరితిత్తుల్లో మచ్చ దొరికితే సగం పని అయినట్టే. అది మామూలుగా ఉన్నా పేగు టీబీ ఉండొచ్చు. టీబీ పరీక్షకి చేతి మీద వేసే మాంటూ సూది పాజిటివ్ అయినా మన ప్రాంతంలో దానికి పెద్ద విలువ లేదు.

రెండోది, క్రోన్స్ అనుకుని ముందే స్టెరాయిడ్లు మొదలుపెట్టనివ్వకండి. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, లోపల టీబీ ఉంటే పాకిపోతుంది. ముక్కల్లో కూడా తేలకపోతే టీబీ మందులే పెట్టి, రెండు మూడు నెలలకి మళ్లీ కొలనోస్కోపీ చేస్తారు. టీబీ పుండ్లు అప్పటికి మానాలి. నొప్పి తగ్గింది కదా అని ఆ రెండో పరీక్ష ఎగ్గొడితే లాభం లేదు, క్రోన్స్ రోగికి కూడా కొన్నాళ్లు తేలిగ్గా అనిపించొచ్చు.

మహేంద్రతనయ:
ధన్యవాదాలండి. టీబీ అని తేలి మందులు వైజాగ్‌లో మొదలైతే నెలనెలా అక్కడికే పోవాలా?

వంశధార_గట్టు:
అక్కర్లేదు. నిక్షయ్‌లో (టీబీ రోగులని నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్) పేరు ఎక్కించాక మీ జిల్లాకి బదిలీ చేయమనండి, రాష్ట్రం మారినా చేస్తారు. ఆ నంబరు రాసి పెట్టుకోండి. మందులు ఉచితం, మామూలుగా ఆరు నెలలు. పోషణకి నెలకి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 నవంబరుకి ముందు 500 ఉండేది. మూత్రం ఎర్రగా వస్తే భయపడకండి, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు పట్టుకున్నా మాత్రం వెంటనే డాక్టర్‌కి చెప్పి లివర్ పరీక్ష చేయించాలి.

నీడలబొమ్మ:
వైజాగ్‌కి ఫిల్ము ఒక్కటే కాదు, సీడీ కూడా పట్టుకెళ్లండి. వాట్సాప్‌లో ఫిల్ము ఫొటో పంపితే ఆ 16 మి.మీ. నోడ్ మధ్య నల్లగా ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఈలోగా కడుపు ఉబ్బి, పచ్చటి వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే వచ్చే వారం దాకా ఆగొద్దు. విరేచనాల మందు ఇవ్వకుండా ఆ రాత్రే సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.