బెనిడిక్ట్స్ టెస్టులో నా శాంపిల్ పచ్చగా మారింది, షుగర్ ఉన్నట్టా?

బ్యాక్‌బెంచ్_ఎంఎల్‌టీ:
అన్నలూ, అక్కలూ, బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) ఫస్టియర్ నేను. నిన్న బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో యూరిన్‌లో షుగర్ ఉందేమో చూసే బెనిడిక్ట్స్ టెస్టు చేశాం. ఎవరి శాంపిల్ వాళ్లే తెచ్చుకోమన్నారు. 5 ఎం.ఎల్. రీఏజెంట్ (రాగి ఉన్న నీలం ద్రావణం), 8 చుక్కల యూరిన్, 2 నిమిషాలు మరిగించడం, అంతే. బ్యాచ్ మొత్తానికి నీలంగానే ఉంది, నా ఒక్కడిదే పచ్చగా తిరిగింది. పక్కవాడు అప్పుడే "స్వీట్లు మానెయ్ మామా" అని మొదలెట్టాడు. మా నాన్నకి షుగర్ ఉంది, రాత్రి నిద్ర పట్టలేదు. రికార్డులో ఏం రాయాలి?

ల్యాబ్_వదిన:
ముందు ఇది చెప్పు తమ్ముడూ. పచ్చంటే ఆకుపచ్చా, పసుపుపచ్చా? మనకి రెండూ పచ్చే గానీ రిజల్టు వేరు. ఆకుపచ్చైతే 0.5 శాతం లోపు, పసుపైతే 1 శాతం దగ్గర, ఇటుక రంగైతే 2 శాతం, ఆపైన. ఉత్త రీఏజెంట్‌ని మరిగించి చూశావా? దానికదే రంగు మారితే సీసా పారబోయాల్సిందే.

బ్యాక్‌బెంచ్_ఎంఎల్‌టీ:
ఆకుపచ్చే అక్కా. ఉత్తది మరిగించలేదు, కానీ అందరికీ అదే సీసా.

పాత_పిపెట్:
సీసా ఒకటే, మిగతావాళ్లకి నీలమే వచ్చిందంటే రీఏజెంట్‌ని అనుమానించక్కర్లేదు. ట్యూబ్ సరిగ్గా కడిగావా? కడిగితే రెండో ప్రశ్న. బెనిడిక్ట్స్‌కి గ్లూకోజ్ ఒక్కటే తెలియడం కాదు, అందులోని రాగిని రెడ్యూస్ చేసేది, అంటే రాగికి ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఏది దొరికినా రంగు మారుస్తుంది. పాలిచ్చే తల్లుల యూరిన్‌లో లాక్టోజ్ వల్ల కూడా ఇలాగే వస్తుంది. నువ్వేమైనా మందులు వాడుతున్నావా?

బ్యాక్‌బెంచ్_ఎంఎల్‌టీ:
మందులేం లేవన్నా. జలుబు చేసిందని సి విటమిన్ మాత్రలు చప్పరిస్తున్నా. పుల్లగా బాగుంటాయి, రోజుకి నాలుగైదు అయిపోతాయి.

పాత_పిపెట్:
దొంగ దొరికాడు. నీ ఒంటికి పట్టగా మిగిలిందంతా యూరిన్‌లోకే పోతుంది, అది గట్టి రెడ్యూసింగ్ ఏజెంట్. తమాషా ఏంటంటే, యూరిన్‌లో ముంచే షుగర్ స్ట్రిప్‌తో చేస్తే కథ తిరగబడుతుంది. స్ట్రిప్‌లో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వల్ల పుట్టిన హైడ్రోజన్ పెరాక్సైడే రంగు తెప్పించాలి. సి విటమిన్ అడ్డం పడితే షుగర్ ఉన్నవాడికి కూడా లేదని చూపించొచ్చు. అదే మాత్ర ఒక టెస్టులో లేనిది ఉందంటుంది, ఇంకోదాంట్లో ఉన్నది లేదంటుంది.
మాత్రలు ఆపి రెండ్రోజులాగి మళ్లీ చెయ్. నాన్నకి ఉందన్నావు కాబట్టి ఫాస్టింగ్ బ్లడ్ షుగర్ కూడా చేయించుకో. మామూలుగా రక్తంలో షుగర్ 180 ఎంజీ/డీఎల్ దాటితే గానీ యూరిన్‌లో కనిపించదు.

తెల్లకోటు_నర్సు:
యూరిన్‌లో ప్రోటీన్ చూసే హీట్ టెస్టు గురించి ఎవరూ చెప్పలేదే! ట్యూబ్‌లో ముప్పావు వంతు యూరిన్ పోసి పై భాగమే వేడి చెయ్యాలి. కింది సగం పోల్చుకోడానికి. నేను తెలివిగా అడుగున మంట పెట్టా. ఒక్కసారి పొంగి ఎదురుగా ఉన్న అమ్మాయి ఆప్రాన్ మీద పడింది. కాలలేదు గానీ ఆ అమ్మాయి నాతో నెల రోజులు మాట్లాడలేదు. అప్పట్నుంచి ట్యూబ్ మూతి గోడవైపే.
ఆ కంగారులో ఎసిటిక్ యాసిడ్ చుక్కలు వెయ్యకుండానే తెల్లగా వచ్చిందని "ప్రోటీన్ ఉంది" అని రాసేశా. మేడం వచ్చి రెండు చుక్కలు వేశారు, తెలుపు మాయం. అవి ఉత్త ఫాస్ఫేట్లు. నిజంగా ప్రోటీనైతే నిలిచేది.

భీమవరం_బుల్లోడు:
ఫాస్ఫేట్లంటే గుర్తొచ్చింది. ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో సీరం ఫాస్ఫరస్ చేస్తూ రికార్డులో "ఫిస్కే-సుబ్బారో మెథడ్" అని రాశా. వైవాలో సార్ "ఎవరీ సుబ్బారో?" అన్నారు. ఏ జపాన్ సైంటిస్టో అనుకుని నీళ్లు నమిలా. తీరా చూస్తే 1895లో మా భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు! 1925లో ప్రచురించిన ఆ పద్ధతి ఇప్పటికీ మన బెంచీ మీద ఉంది. మాలిబ్డేట్ కలిపాక నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ.
నాకు మాత్రం 9 ఎంజీ/డీఎల్ వచ్చింది. పెద్దవాళ్లకి 4.5 దాటకూడదు. కాలిక్యులేషన్ మూడుసార్లు చేశా. సార్ లెక్క చూడనే లేదు, సీరం ట్యూబ్ ఎత్తి కిటికీ వైపు పెట్టారు. ఎర్రగా ఉంది. రక్తకణాలు పగిలి లోపలి ఫాస్ఫేట్ బయటికొచ్చింది. రక్తం లాగేటప్పుడే తప్పు చేసి రంగు చిక్కదనం కొలిచే కలరీమీటర్‌ని తిట్టుకున్నానన్నమాట.

బీఫార్మ్_బాబాయ్:
మేం ల్యాబ్‌లో తయారుచేసిన ఆస్పిరిన్ కూడా అంతే. ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఊదా రంగొచ్చింది, అంటే సాలిసిలిక్ యాసిడ్ మిగిలిపోయింది. మళ్లీ రీక్రిస్టలైజేషన్, అంటే కరిగించి తిరిగి స్ఫటికాలుగా తీసి శుద్ధి చెయ్యడం.

బ్యాక్‌బెంచ్_ఎంఎల్‌టీ:
మాత్రలు ఆపి ఈరోజు మళ్లీ చేశా. నీలం! ఫాస్టింగ్ 88. మొదటి రిజల్టు కొట్టెయ్యొద్దు, పక్కనే కారణం రాయమన్నారు మేడం. ఇంకో మాట. ఇవాళ యూరిన్‌లో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగితే పుట్టేవి) చూసే రోథెరాస్ టెస్టు కూడా పెట్టారు. నన్ను వెక్కిరించినవాడికి ఊదా రింగొచ్చింది, మొహం పాలిపోయింది. శనివారం ఉపవాసమట, నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదట.

ల్యాబ్_వదిన:
ఉపవాసానికి కీటోన్లు రావడం మామూలే. గుడి నుంచి వచ్చాక నాలుగు ఇడ్లీలు తినమను, రేపు మళ్లీ చెయ్యండి. నువ్వు మాత్రం స్వీట్ల జోకు వెయ్యకు.

బ్యాక్‌బెంచ్_ఎంఎల్‌టీ:
వేసేశా అక్కా.