పాపకు ఆరు నెలలు నిండితే తల్లికి గుడ్డు, పాలు ఆపేయాలా?

అడిగినవారు: పాలమూరు అమ్మ
పోయిన వారం అంగన్వాడీకి వెళ్తే టీచరమ్మ "పాపకు ఆరు నెలలు నిండాయి కదమ్మా, రేపటి నుంచి నీకు భోజనం రాదు" అన్నది. ఆమె తప్పు లేదు. చెప్పేటప్పుడు ఆమె మొహమూ చిన్నబోయింది.

ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట అన్నం, పప్పు, కూర, ఉడికించిన గుడ్డు, 200 మి.లీ. పాలు అక్కడే కూర్చోబెట్టి పెట్టేవాళ్లు. ఇంట్లో అయితే గుడ్డు నా దాకా రాదు. మామయ్యకు, మా ఆయనకు, పెద్దోడికి పెట్టేసరికే అయిపోతుంది. అక్కడ మాత్రం నా ప్లేటులోది నేనే తినాలి, టీచర్ చూస్తూ ఉండేది.

పాప ఇంకా రాత్రి మూడుసార్లు లేచి పాలు తాగుతుంది. పత్తి ఏరడానికి పోతున్నాను, సాయంత్రానికి కళ్లు తిరుగుతున్నాయి. పాపకు బాలామృతం, గుడ్లు ఇస్తారు, సంతోషమే. కానీ పాలిచ్చేది నేనే కదా! కనీసం ఏడాది దాకా పెట్టమని ఎవరిని అడగాలి?

జవాబు: అంగన్వాడీ టీచర్, నల్గొండ
బిడ్డ పుట్టిన తేదీ చూసి ఆపాల్సిందే తల్లీ, మా చేతిలో లేదు. మా దగ్గర ఒకామె, భోజనం ఆగిపోయాక, బిడ్డకిచ్చిన గుడ్డులో పచ్చసొన బిడ్డకు పెట్టి తెల్లది తను తినేది. చూసి ఏమీ అనలేకపోయాను. ముందు ఏఎన్ఎమ్ దగ్గర రక్త పరీక్ష చేయించుకో. ఐరన్ మాత్రలు కూడా కాన్పు తర్వాత 180 రోజులకే ఇస్తారు, రక్తం తక్కువుంటే మళ్లీ అడుగు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, నలుగురు తల్లులు కలిసి అర్జీ పెట్టండి.

జవాబు: న్యూట్రిషన్ చదివిన అక్క
2013 ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్‌లోనే "ప్రసవం తర్వాత ఆరు నెలలు" అని ఉంది చెల్లీ. అంతకంటే తగ్గించకూడదు, అంతే. రాష్ట్రం తన డబ్బుతో ఇంకొంత కాలం పెడితే చట్టం అడ్డు చెప్పదు. అర్జీలో ఇది రాయండి: హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి, తర్వాతి ఆరు నెలలు 520. తగ్గేది 80 మాత్రమే. భోజనం మాత్రం మొత్తం ఆపేస్తున్నారు.

పాలమూరు అమ్మ
థాంక్స్ అక్కా, టీచరమ్మా. ఆ 520 లెక్క మా ఆయనకు కూడా చదివి వినిపించాను. మా వాడలో ఇంకో ముగ్గురికి ఈ నెలతోనే ఆగిపోతుంది, వాళ్లతో మాట్లాడాను. సోమవారం పిల్లల్ని ఎత్తుకునే వెళ్తాం.